డిసెంబర్ 1 ఎయిడ్స్ దినం ర్యాలీ సరే, క్లాసులో ఎయిడ్స్ పాఠం ఎవరైనా నిజంగా చెప్తున్నారా?

బయో_మేడమ్
ప్రకాశం జిల్లా, జెడ్పీ హైస్కూల్, ఎస్.ఏ. బయాలజీ. మా స్కూలు నుంచి హెల్త్ అండ్ వెల్‌నెస్ టీచర్లుగా నన్నూ సోషల్ సార్‌నీ వేశారు. మొత్తం పదకొండు అంశాలు. పోషకాహారం, మత్తు పదార్థాలు, ఇంటర్నెట్ జాగ్రత్తలు వగైరా హాయిగా గడిచిపోయాయి. పునరుత్పత్తి ఆరోగ్యం, హెచ్ఐవీ నివారణ అనే అంశం దగ్గరికి వచ్చేసరికి హెచ్.ఎం. గారు బ్రేకు వేశారు. "డిసెంబర్ ఒకటిన ర్యాలీ తీద్దాం, ఫొటోలు అప్‌లోడ్ చేద్దాం, క్లాసులో మాత్రం వద్దు మేడమ్, ఊళ్ళో గొడవలు" అన్నారు.

అంతవరకైతే ఇక్కడ రాసేదాన్ని కాదు. మా స్కూల్లో ఒక పాప ఉంది. అమ్మానాన్న లేరు. నెలకోసారి సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్తుంది. దాన్ని పట్టుకుని స్టాఫ్‌రూమ్‌లో ఒక మేడమ్ "అదే అయ్యుంటుంది" అని తేల్చేశారు. తేల్చి ఊరుకోకుండా, ఆ పాప ప్లేటు విడిగా పెట్టమని మధ్యాహ్న భోజనం ఆయమ్మకి చెప్పారు. ఇదేంటని అడిగితే "మాకూ పిల్లలున్నారు కదండీ" అన్నారు. ఆవిడ ఎమ్మెస్సీ, బీఈడీ. నాకు మండిపోయింది. మీ స్కూళ్ళలో పరిస్థితి ఏంటి? ఇలాంటివాళ్ళకి ఎలా చెప్తారు?

[మోడరేటర్: పాప తరగతి, ఊరు, కుటుంబ వివరాలు తొలగించాం.]

కాటన్_కాలువ
చదువుకీ దీనికీ సంబంధం లేదు మేడమ్. మా దగ్గర మ్యాథ్స్ సార్ దోమ కుడితే వస్తుందని వాదించాడు. లెక్క కూడా వేసి చూపించాడు, ఒక దోమ రోజుకి ఎంతమందిని కుడుతుందని.

సైలెంట్_ఎస్జీటీ
మరి దోమతో ఎందుకు రాదు? నిజంగానే అడుగుతున్నా, నవ్వకండి. మలేరియా వస్తుంది కదా.

బయో_మేడమ్
మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుంది, అక్కణ్ణించి దాని లాలాజలంలోకి చేరుతుంది. హెచ్ఐవీ దోమలో బతికి పెరగలేదు, అరిగిపోతుంది. పైగా దోమ మనలోకి వదిలేది తన లాలాజలాన్నే, ముందు కుట్టినవాడి రక్తాన్ని కాదు. మంచి ప్రశ్న అండీ, పిల్లలు కూడా మొదట అడిగేది ఇదే.

ఓరుగల్లు_సోషల్
మా దగ్గర పదో తరగతి పుస్తకంలోనే ఉంది. పిల్లలు "వ్యాప్తి చెందే నాలుగు మార్గాలు" బట్టీ కొట్టి రాస్తరు, మార్కులు పడ్తయి. అసురక్షిత లైంగిక సంబంధం అని రాసిన పిలగాణ్ణి దానర్థమేంది బిడ్డా అంటే, "ఫస్ట్ పాయింట్ సార్" అన్నడు.

పబ్లిక్_పేపర్
ఫస్ట్ పాయింట్ 😂😂 పేపర్లు దిద్దేటప్పుడు నాకు తగిలినవి: "ఎయిడ్స్ ఒక చెడ్డ అలవాటు". "ఎయిడ్స్ రోగిని ఊరి బయట ఉంచవలెను, కానీ ప్రేమగా చూడవలెను". రెండో వాడికి సగం మార్కు వేశా.

తెలుగు_మాస్టారు
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు గనుక రెండో వైపు నేను చెప్తాను. రోగం గురించి చెప్పడానికి అభ్యంతరం ఎవరికీ లేదు. కానీ పద్నాలుగేళ్ళ పిల్లలకి నిరోధ్ గురించి చెప్పడం అవసరమా? నియమంగా బతికితే రాని రోగానికి నియమం నేర్పాలి గానీ... నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఏదో సంస్థవాళ్ళు వచ్చి బొమ్మలతో క్లాసు తీసుకున్నారు. మర్నాడు పాతికమంది తల్లిదండ్రులు గేటు దగ్గర. ఆ సంస్థ జీపెక్కి వెళ్ళిపోయింది, మాటలు పడింది మేము. ఆరోజు మా వెనక ఏ అధికారీ నిలబడలేదు. హెచ్.ఎం. గారు భయపడుతున్నారంటే ఊరికే భయపడరు.

కేజీబీవీ_వార్డెన్
మాస్టారూ, గేటు దగ్గర గొడవ సంగతి ఒప్పుకుంటా. నియమం సంగతి ఒప్పుకోను. మా దగ్గర చదివి పద్దెనిమిదికే పెళ్ళయి వెళ్ళిన పిల్లలున్నారు. వాళ్ళ నియమానికి ఏం లోటు? భర్త నుంచి వచ్చింది. గర్భం వచ్చాక టెస్టులో తెలిసింది. ఆ అమ్మాయికి పదో తరగతిలో మనం ఏం నేర్పాం? మంచిగా ఉంటే రాదు అని. మంచిగానే ఉంది.

ఓరుగల్లు_సోషల్
+1

రిటైర్డ్_హెచ్ఎం
గొడవల చరిత్ర కొంత చెప్తాను. 2005లో కేంద్ర విద్యాశాఖ, నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) కలిసి కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టాయి. తొమ్మిది, పదకొండు తరగతులకి ఏడాదికి 16 గంటలు. ఫ్లిప్‌చార్టు బొమ్మల మీద రగడ మొదలై 2007కల్లా మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ లాంటి రాష్ట్రాలు వద్దనేశాయి. తరవాత బొమ్మలు తీసేసి, పదాలు మెత్తబరిచి కొత్త మెటీరియల్ తెచ్చారు. మెత్తబరచడం ఎంతదాకా వెళ్ళిందంటే, చదివితే అది ఏ జబ్బు గురించో వెతుక్కోవాలి.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్ఐవీ ఎక్కువున్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. ఊరూరా హోర్డింగులు, "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అని. బడికొచ్చే దారిలోనే ఉండేది. పిల్లలు పులిరాజా ఎవరు సార్ అనేవాళ్ళు. మా స్టాఫ్‌లో ఒకాయన "సర్కస్ కంపెనీ" అని చెప్పాడు.

కాటన్_కాలువ
పులిరాజా!! ఆ పేరున్న మా క్లాస్‌మేట్ ఒకడు ఆ ఏడాది బడి మానేసినంత పనైంది.

పీఈటీ_బాబాయ్
నాది ప్రాక్టికల్ ప్రశ్న. కబడ్డీలో మోకాళ్ళు చెక్కుకుపోతాయి, రక్తం కారుతుంది. ఎవరికి ఏముందో తెలీదు. అందుకే ఎవరికుందో మాకు చెబితే మంచిది కదా అనేది నా వాదన. దాచిపెట్టడం వల్ల అందరికీ రిస్కు.

ఐసీటీసీ_కౌన్సెలర్
ఏరియా ఆసుపత్రిలో హెచ్ఐవీ కౌన్సెలర్‌ని. పై పోస్టులన్నీ చదివాను, కొంచెం పొడుగ్గా రాస్తా.

ముందు పీఈటీ సార్‌కి. మీకు ఒక్కరి పేరు చెప్తే ఆ ఒక్కరి దగ్గరే జాగ్రత్తగా ఉంటారు. పరీక్షే చేయించుకోనివాళ్ళ సంగతి? అందుకే పద్ధతి ఏంటంటే, ఏ పిల్లవాడి రక్తమైనా ఒకే జాగ్రత్త. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో గ్లోవ్స్ ఉంచండి. గాయాన్ని సబ్బు, నీళ్ళతో కడిగి కట్టు కట్టండి. నేల మీద రక్తం పడితే బ్లీచింగ్ నీళ్ళు పోసి తుడవండి. ఇది హెచ్ఐవీ కన్నా హెపటైటిస్ బి కోసం ఇంకా ముఖ్యం, అది రక్తం ద్వారా చాలా తేలిగ్గా అంటుకుంటుంది. చెక్కుకుపోయిన మోకాలి వల్ల హెచ్ఐవీ రావడం మా సర్వీసులో చూడలేదు. ఒకవేళ వాడిన సూది లోతుగా గుచ్చుకోవడం లాంటిది జరిగితే 72 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి రండి, ఎంత తొందరగా వస్తే అంత మంచిది. 28 రోజులు మందులు ఇస్తారు.

ఇక ప్లేటు. కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే, ఒకే బాత్రూమ్ వాడితే, పక్కన కూచుంటే, దగ్గితే, కౌగిలించుకుంటే రాదు. ఇందులో రెండో అభిప్రాయం లేదు. వచ్చేవి: రక్షణ లేని సెక్స్, పరీక్ష చేయని రక్తం, ఒకరి సూది ఇంకొకరు వాడటం, తల్లి నుంచి బిడ్డకి. తల్లి నుంచి బిడ్డకి కూడా మందులు సరిగ్గా వాడితే నూటికి ఐదుగురి కన్నా తక్కువకే వస్తుంది. ఏమీ చేయకపోతే 15 నుంచి 45 దాకా.

ఆ పాపకి ఏముందో నాకు తెలీదు. తలసీమియా కావచ్చు, మూర్ఛ మందులు కావచ్చు, టీబీ కావచ్చు. స్టాఫ్‌లో ఎవరూ తెలుసుకోనక్కర్లేదు కూడా. హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. బడిలో చేర్చుకోకపోవడం, తీసేయడం, విడిగా చూడటం నేరుగా నిషేధం. చేర్చుకోవడానికి టెస్టు అడక్కూడదు. ఒకరి స్థితి ఇంకొకరికి వాళ్ళ అనుమతి లేకుండా చెప్పకూడదు. మేడమ్, హెచ్.ఎం. గారికి ఈ చట్టం ప్రింటు తీసి ఇవ్వండి. నా అనుభవంలో హెచ్.ఎం.లకి శాస్త్రం కన్నా సెక్షన్లు తొందరగా అర్థమవుతాయి.

రిటైర్డ్_హెచ్ఎం
ఆఖరి వాక్యం మీద నాకు అభ్యంతరం ఉంది. అది నిజమే, కానీ అభ్యంతరం ఉంది.

పీఈటీ_బాబాయ్
గ్లోవ్స్‌కి ఇండెంట్ పెడతా. స్కూల్ గ్రాంటు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక.

సైలెంట్_ఎస్జీటీ
హెచ్ఐవీ, ఎయిడ్స్ ఒకటి కాదా? నేను ఇన్నాళ్ళూ ఒకటే అనుకుంటున్నా. ప్రైమరీలో ఇది రాదు కాబట్టి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు.

ఐసీటీసీ_కౌన్సెలర్
కాదండీ. హెచ్ఐవీ వైరస్. అది ఒంట్లో ఉండి, మందులు లేకుండా ఏళ్ళు గడిచి, రోగనిరోధక శక్తి బాగా పడిపోయి, టీబీ లాంటివి మీద పడే దశ ఎయిడ్స్. ఇప్పుడు పాజిటివ్ అని తేలగానే మందులు మొదలుపెడతారు. పెద్దవాళ్ళకి సాధారణంగా రోజుకి ఒక్క మాత్ర, అందులోనే మూడు మందులు. పిల్లలకి బరువును బట్టి డోసు. అంతా ఉచితం, 2004 ఏప్రిల్ నుంచి. మానకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గి, అలాగే నిలబడితే సెక్స్ ద్వారా కూడా ఇంకొకరికి అంటదు. ఎయిడ్స్ దశ రాకుండా బతికేవాళ్ళే ఇప్పుడు ఎక్కువ.

తెలుగు_మాస్టారు
ఇంత మంచి మందులున్నాయని చెప్తే పిల్లల్లో భయం పోదా? భయం కొంత ఉండాలి. మా తరాన్ని కాపాడింది ఆ భయమే.

ఐసీటీసీ_కౌన్సెలర్
భయంతో జనం టెస్టుకి రావడం మానేశారు మాస్టారూ. మా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యం అయిపోయేది.

అతిథి_2207
నేను టీచర్‌ని కాను. భయం గురించి మాస్టారు రాసింది చూసి అకౌంట్ తెరిచా.

నాకు పుట్టుకతో హెచ్ఐవీ. డిగ్రీ అయింది, ఉద్యోగం చేస్తున్నా. తొమ్మిదో తరగతిలో సైన్స్ సార్ బోర్డు మీద పుర్రె బొమ్మ వేసి "ఎయిడ్స్ = మరణం, మందు లేదు" అని రాశారు. చెడు తిరుగుళ్ళు తిరిగినవాళ్ళకి దేవుడు వేసిన శిక్ష అని కూడా చెప్పారు. నేను మూడో బెంచీలో ఉన్నాను. అప్పటికే రోజూ మాత్రలు వేసుకుంటున్నా. ఆ రాత్రి నుంచి మానేశాను. ఎలాగూ చనిపోతాం కదా, ఇవెందుకు అని. మా అమ్మమ్మకి కనిపించకుండా పెరట్లో పారేసేవాణ్ణి. తరవాత టీబీ వచ్చింది. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో ఒక అక్క కూచోబెట్టి మాట్లాడి మళ్ళీ మొదలుపెట్టించింది.

ఆ సార్ చెడ్డాయన కాదు. నాకు ఫీజు కట్టారు ఒకసారి. ఆ క్లాసులో నాలాంటివాడు ఉండొచ్చని ఆయనకి తట్టలేదు, అంతే.

కేజీబీవీ_వార్డెన్
బాబూ, రాసినందుకు థాంక్స్. ఆరోగ్యం జాగ్రత్త.

బయో_మేడమ్
ఇది మా స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపించొచ్చా తమ్ముడూ? నీ అకౌంటు పేరు కూడా చెప్పను.

అతిథి_2207
చదవండి అక్కా.

కాటన్_కాలువ
కౌన్సెలర్ గారు చెప్పిన దానికి ఒక మాట కలుపుతా. దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో హెచ్ఐవీ సుమారు 0.2 శాతం. ఆంధ్రాలో దానికి మూడింతలు. హైస్కూల్లో నాలుగైదు వందలమంది ఉంటే, ఏదో ఒక ఇంట్లో ఈ మందులు వాడుతున్న మనిషి ఉంటాడనే అనుకుని పాఠం చెప్పాలి. నేను "వాళ్ళు" అనడం మానేశా. "మనలో ఎవరికైనా ఉంటే" అంటాను. పాఠం అదే, కానీ క్లాసు వినే తీరు మారుతుంది.

తెలుగు_మాస్టారు
పుర్రె బొమ్మ, దేవుడి శిక్ష, ఇవి తప్పే. ఆ బాబు రాసింది చదివాక దానిపై వాదించను. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. తల్లిదండ్రులకి ఎవరు జవాబు చెప్తారు? మగ టీచరు ఆడపిల్లల క్లాసులో ఈ పాఠం చెప్పి, రేపు ఎవరైనా తప్పుడు ఫిర్యాదు ఇస్తే పోక్సో కేసు. ఆ భయం మీకెవరికీ లేదా?

ఓరుగల్లు_సోషల్
ఉంది సార్, ఎందుకు లేదు. నేను చెప్పేటప్పుడు మా ఇంగ్లిష్ మేడమ్‌ను క్లాసులో కూసోబెట్టుకుంట. ముందురోజు ఏఎన్ఎంకి ఫోన్ చేసి పిలుస్త. ఆమె చెప్తె పిల్లలు సిగ్గుపడరు, రోజూ ఊళ్ళె చూసే మనిషే కదా. పుస్తకంల ఉన్నదే చెప్పినం అని టీచింగ్ డైరీల రాసుకుంట, పేజీ నంబరుతో సహా.

పబ్లిక్_పేపర్
పేజీ నంబరు పాయింట్ బంగారం. ఆంధ్రాలో ఇప్పుడు పదికి వచ్చింది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే కదా. జీవులు ఎలా ప్రత్యుత్పత్తి జరుపుతాయి అనే పాఠంలో లైంగిక వ్యాధులు, హెచ్ఐవీ, కండోమ్ అన్నీ అచ్చేసి ఉన్నాయి. ఎవరొచ్చి అడిగినా "ప్రభుత్వ పుస్తకం, ఇదిగో" అనండి. మేడమ్ సొంతంగా తెచ్చింది ఏమీ లేదు.

తెలుగు_మాస్టారు
పదికి సరే. తొమ్మిదికి?

కేజీబీవీ_వార్డెన్
ఎనిమిదో తరగతి నుంచే కౌమార దశ పాఠం ఉంది మాస్టారూ. నేను చేసేది, పాఠానికి ముందు తల్లుల మీటింగు. పిల్లలకి ఏం చెప్పబోతున్నానో మొత్తం ముందు వాళ్ళకే చెప్తా. ఇంతవరకు వద్దన్నవాళ్ళు లేరు. "మాక్కూడా ఎవరూ చెప్పలేదమ్మా, ఇంకోసారి చెప్పు" అన్నవాళ్ళున్నారు. గొడవ ఎప్పుడు వస్తుందంటే పిల్లాడు ఇంటికెళ్ళి సగం సగం చెప్పినప్పుడు.

బెంగళూరు_శ్రీను
పేరెంట్‌గా చెప్తున్నా. మా వాడికి పదమూడు. ఫోన్‌లో ఏం చూస్తున్నాడో చూసి నాకు టెన్షన్ వచ్చింది. నేను చెప్పలేను, మీరన్నా చెప్పండి సార్. ఇక్కడి ప్రైవేటు స్కూలు కూడా అంతే, పాపం పెన్సిల్ బొమ్మలున్న పీపీటీ చూపించి "క్వశ్చన్స్?" అని పది సెకన్లాగి క్లాసు ముగించారట.

కాటన్_కాలువ
ర్యాలీ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. పోయినేడు మా మండలంలో ప్రైమరీ పిల్లల్ని కూడా ఎండలో నడిపించారు. ప్లకార్డులు ఎవరు పంచారో గానీ, ఒకటో తరగతి బుడ్డోడి చేతిలో "సురక్షిత శృంగారమే రక్ష". వాడు దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు, దేవుడు కాపాడాడు.

పబ్లిక్_పేపర్
ఫొటో అప్‌లోడ్ అయ్యిందా లేదా, అది చెప్పండి ముందు.

కాటన్_కాలువ
అయ్యింది. ఎంఈఓ గారు లైక్ కూడా కొట్టారు.

ఓరుగల్లు_సోషల్
నాకొక డౌటు, కౌన్సెలర్ మేడమ్. అమ్మానాన్న లేని పిల్లలు అడ్మిషన్‌కి వస్తే గార్డియన్ సంతకం ఎవరిది పెట్టించాలె? పోయినేడు ఒక పిలగాడు తమ్ముణ్ణి తీసుకొచ్చిండు. వానికే పదిహేనేండ్లు. మా క్లర్కు వాపస్ పంపబోయిండు.

ఐసీటీసీ_కౌన్సెలర్
అదే చట్టంలో ఉంది సార్. హెచ్ఐవీ బాధిత కుటుంబంలో పన్నెండేళ్ళు నిండి, ఇల్లు చూసుకునేంత పరిణతి ఉన్న అక్క గానీ అన్న గానీ, పద్దెనిమిదిలోపు తోబుట్టువులకి గార్డియన్‌గా ఉండొచ్చు. బడిలో చేర్పించడానికి, వైద్యానికి, బ్యాంకు ఖాతాకి పనికొస్తుంది. కాకపోతే ఆ కుటుంబంలో ఏముందో క్లర్కు గది ముందు చెప్పించకండి. హెచ్.ఎం. గారు విడిగా మాట్లాడాలి.

ఓరుగల్లు_సోషల్
పన్నెండేండ్లా! ఇది ఏ ట్రైనింగ్‌లనూ చెప్పలే.

బయో_మేడమ్
అప్‌డేట్. చట్టం ప్రింటు, పాఠం జిరాక్సు రెండూ హెచ్.ఎం. గారి టేబుల్ మీద పెట్టా. చదివి కాసేపు ఏం మాట్లాడలేదు. మధ్యాహ్నం ఆయనే వంటగదిలోకి వెళ్ళి ప్లేట్లన్నీ ఒకే చోట పెట్టమని ఆయమ్మకి చెప్పి వచ్చారు. ఆ మేడమ్ ఇప్పుడు నాతో మాట్లాడట్లేదు. అతిథి తమ్ముడి పోస్టు స్టాఫ్‌రూమ్‌లో చదివాను, ఆవిడ ఉన్నారు, విన్నారు. మారారా అంటే చెప్పలేను. లంచ్ బాక్సు మాత్రం ఇంకా వేరే గదిలోనే తింటున్నారు.

తల్లుల మీటింగు కూడా పెట్టాం. వార్డెన్ మేడమ్ ఐడియానే. తొమ్మిదీ పదీ పిల్లలకి ఏఎన్ఎం గారూ నేనూ కలిసి చెప్పాం, సోషల్ సార్ మగపిల్లలతో విడిగా కూచున్నారు. పేర్లు రాయకుండా ప్రశ్నలు వేయమని అట్టపెట్టె పెట్టాం. వచ్చినవాటిలో కొన్ని:

"కటింగ్ షాపులో బ్లేడు మార్చకపోతే వస్తుందా?"
"తిరనాళ్ళలో పచ్చబొట్టు వేయించుకున్నాను. సూది అందరికీ ఒకటే. ఏం చేయాలి?"
"ముద్దు పెడితే వస్తుందా? సినిమావాళ్ళకి ఎందుకు రాదు?"
"మా నాన్న లారీ తోలతాడు. అమ్మ టెస్టు చేయించుకోమంటే కొడతాడు. అమ్మ ఒక్కతే వెళ్ళొచ్చా?"

మొదటి మూడింటికి జవాబు చెప్పాం. నాలుగోది క్లాసులో చదవలేదు. ఎవరు రాశారో చేతిరాతని బట్టి నాకు తెలిసిపోయింది. ఏం చేయమంటారు?

ఐసీటీసీ_కౌన్సెలర్
చదవకపోవడం మంచిదైంది. ఆ పిల్లని పిలిచి "నువ్వేనా" అని అడగొద్దు. క్లాసు మొత్తానికీ చెప్పండి: ఆడవాళ్ళు ఒక్కరే వచ్చి టెస్టు చేయించుకోవచ్చు, భర్త సంతకం అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, రిజల్టు ఆవిడకే చెప్తాం. 1097 నంబరు బోర్డు మీద రాసి ఉంచండి, అది ఉచిత హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. కొట్టడం గురించి ఏఎన్ఎం గారికీ, ఆశా కార్యకర్తకీ విడిగా చెప్పండి, పేరు చెప్పకుండా మొదలుపెట్టండి. పచ్చబొట్టు పిల్లాడిని కూడా పంపించండి. పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకురావాలి. హెచ్ఐవీతో పాటు హెపటైటిస్ పరీక్ష కూడా అడగమనండి.

తెలుగు_మాస్టారు
ఆ నాలుగో చీటీ మా బళ్ళో ఎవరైనా రాసి ఉంటే నాకు తెలిసేది కాదు. పెట్టె పెట్టించడానికి నాకేం అభ్యంతరం లేదు. జవాబులు మాత్రం ఏఎన్ఎం గారే చెప్పాలి, నా వల్ల కాదు.

కేజీబీవీ_వార్డెన్
అది చాలు మాస్టారూ. పెట్టెకి తాళం వేయండి, మా దగ్గర మొదటిసారి పిల్లలే తెరిచి చదివేశారు.

పీఈటీ_బాబాయ్
గ్లోవ్స్ వచ్చాయి. సైజు చిన్నది, నా చేతికి పట్టట్లేదు.

సైలెంట్_ఎస్జీటీ
ప్రైమరీ వాళ్ళకి కూడా ఈ ట్రైనింగ్ ఉంటే చెప్పండి, వస్తా. టీఏ ఇస్తారా?

పబ్లిక్_పేపర్
టీ ఇస్తారు.